ఋతుధర్మము – నేతధర్మము
(సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



విద్య, వివాహము, సహకారము మొదలగు విషయములనుగూర్చి పెద్దలు ప్రసంగించు నీ సభయందు ఎండవానలనుగూర్చి మాటలాడు పని మాకు వచ్చినది. ఎండవానలకును కులసభకును సంబంధమేమని యెవరైన నడుగవచ్చును. పద్మశాలి మాత్ర మా ప్రశ్న నడుగడు. ఆకాశమువంక చూడక పడుగును వీధికి దెచ్చిన నేతగాడు లేడు. గంజి పెట్టి కుంచెతో దువ్విన పడుగు ఆరుటకు ఎండ కావలెను. ఎండ మిక్కుటమైనచో పోగు పెళుసెక్కి తెగును. ముసురు పట్టెనా, గంజి ఆరదు. మగ్గపు గుంటలో నీరూరును. రైతు తరువాత ఋతువులను నమ్ముకొని బ్రదుకువారిలో మనము ముందువరుసవారము.

సంస్కృతమున కాలభేదమును దెలుపు ఋతుశబ్దమును, సత్యమును నియమమును దెలుపు ఋతశబ్దమును ఒక్క ధాతువునుండియే పుట్టినవందురు. నియమము తప్పక వచ్చునది కావుననే అది ఋతువు. నేడా నియమమే సడలుచున్నది. ఏల సడలుచున్నదో, మనకు దానివలన నేమి కలుగుచున్నదో, మనము చేయదగినదేమో యీ మూడంశములను క్లుప్తముగా మనవి చేసెదము.

1856వ సంవత్సరమున రెండు పనులు జరిగినవి. అమెరికాదేశమున యూనిస్ ఫూట్ అను విదుషి గాజుగొట్టములలో వేర్వేరు వాయువులను నింపి యెండలో నుంచి పరీక్షించెను. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, తక్కినవానికంటె నెక్కువగా వేడెక్కుననియు, చల్లారుటకు మిక్కిలి యాలస్యమగుననియు ఆమె కనుగొనెను. ఆ యేటనే లండను నగరమున పదునెనిమిదేండ్ల విద్యార్థి విలియం పెర్కిన్, బొగ్గుతారునుండి లభించు అనిలీనుతో పనిచేయుచు ఊదారంగును సాధించెను. నేటి కృత్రిమపు రంగుల పరిశ్రమకు అదియే నాంది. రెంటికిని మూలమొక్క బొగ్గే. దాని పొగ ఆకాశమున కెక్కినది; దాని రంగు మన తొట్టిలోనికి దిగినది. ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దానికడకే వచ్చెదము.

యంత్రయుగమునకు పూర్వము గాలియందు పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన యీ వాయువు నేడు 420 పాళ్లను దాటినది. నేతవారికి దీనిని దెలుపుటకు దుప్పటిని మించిన యుపమానము లేదు. ఈ దుప్పటి సూర్యకాంతిని లోనికి రానిచ్చును. నేల విడుచు వేడిని మాత్రము సులభముగా పైకి పోనీయదు. మనము బొగ్గు, చమురు కాల్చుచు ఏటేట దానిని దళసరి చేయుచున్నాము. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కనుబట్టి 2024వ సంవత్సరపు భూమి సగటు వేడిమి యంత్రయుగారంభముకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ యధికము.

ఒకటిన్నర డిగ్రీ ఏపాటిదని తలంపవలదు. బృహదారణ్యకోపనిషత్తునందు గార్గి యాజ్ఞవల్క్యుని మన మగ్గపు మాటలతోనే ప్రశ్నించినది. నీటియందు సమస్తమును పడుగుపేకలై యుండగా, ఆ నీరు దేనియందు పడుగుపేకలై యున్నదని ఆమె యడిగెను. వాయువునందని ఆయన చెప్పెను. అది బ్రహ్మవిద్యా చర్చ. నేటి శాస్త్రమంతయు నందే కలదని మేము చెప్పము. అట్లు చెప్పుట శాస్త్రమునకును శ్రుతికిని గూడ మర్యాద గాదు. అయినను నీటి నడక గాలిపై నాధారపడి యున్నదనుట నేడు కొలతలచే ఋజువైనది. గాలి యొక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు అధికముగా నీటియావిరిని మోయగలదు. ఎక్కువ మోసినది యెక్కువ దించును; కావుననే కుండపోత వానలు హెచ్చుచున్నవి. ఆ వేడిగాలియే నేలలోని తేమను త్వరగా పీల్చుటచే వానలు లేనినాడు కరవు తీవ్రమగుచున్నది. అతివృష్టి, అనావృష్టి యను రెండును ఒక్క కారణమునుండియే పుట్టుచున్న వింత యిది.

ఇక మన నేలకు వత్తము. 2009 అక్టోబరునందు తుంగభద్ర పొంగి కర్నూలు నగరమును ముంచెను. గద్వాల చీరల నేతకు పేరుపడిన రాజోలి గ్రామమును ముంచెను. 2015 మే నెలలో వేడిగాలులకు ఆంధ్ర తెలంగాణములందు రెండువేలమందికి పైగా మరణించిరి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినవి. ప్రకాశము బరాజు వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. ఉప్పాడ జామ్‌దానీ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభింపగా, ఆ ఉప్పాడ తీరమునే సముద్రము ఏండ్ల తరబడి కోసికొనిపోవుచున్నది. ప్రతి వరదకును ప్రతి కోతకును వేడిమి యొక్కటే కారణమని మేమనము. కాలువల గట్ల ఆక్రమణలు, తీరమున కట్టడములు, ఇసుక కదలిక మొదలైన యితర కారణములును గలవు. అయినను వేడెక్కిన గాలి యీ యాపదల నన్నిటిని మరింత బరువెక్కించుచున్నది.

వరద వచ్చిన యింట పెట్టె, బిందె నెత్తిన బెట్టుకొని పోవచ్చును. నేలలో పాతిన మగ్గమును మోసికొని పోవుటెట్లు? గుంట నిండెనా, పలకలు ఉబ్బును, అచ్చు చెడును, సగము నేసిన చీర మురిగిపోవును. నీరు దీసిన పిదప గుంట ఆరుటకు వారములు పట్టును. ఆ వారములకు కూలి లేదు. అప్పునకు వడ్డి మాత్రము ఆగదు. రేకుల కప్పు క్రింద మగ్గమున్న వానికి వేసవి మధ్యాహ్నములు పనిదినములు కావు. మన బిడ్డలు సూరతు, భీవండి, షోలాపురములకు వలసపోవుటకు కారణములు పెక్కు కలవు. ఋతువులు తప్పుట వానిలో నొకటిగా చేరుచున్నదని మా తలంపు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. “పొగ యెవరిది? పెద్ద దేశములది, పెద్ద యంత్రశాలలది. చేమగ్గమునకు బొగ్గు వలదు, విద్యుత్తు వలదు; చేతులును కాళ్లును చాలును. దోషము వారిది, బోధ మనకా?” అని. ఈ యాక్షేపణలో న్యాయము కలదు. 2019–20 చేనేత గణనము ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా జనులు చేనేత పనులవలన జీవించుచున్నారు. ఇంతమందికి అన్నము పెట్టుచు ఇంత తక్కువ పొగ విడుచు వృత్తులు అరుదు. ప్రపంచమున తయారగు నారలో సగమునకు పైగా నేడు పెట్రోలియమునుండి పుట్టు పాలియెస్టరే. అట్టి కాలమున నూలుబట్టను చేత నేయుట వెనుకబాటు కాదు, లోకోపకారము. ఈ మాటను మన యువకులు తలయెత్తి చెప్పవచ్చును. సిరిసిల్లయందు మరమగ్గములపై బ్రదుకు మన సోదరులును మనవారే; వారి షెడ్లపై సూర్యవిద్యుత్తు పలకలు పెట్టించుటకు సంఘము సాయపడవలెనే గాని వారిని వేరుగా జూడరాదు.

అయినను ఆ న్యాయము సగమే. పొగ దూరపువారిది, నీరు మాత్రము మనది. ఇందాక జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన రంగుతొట్టికడకు వచ్చెదము. పెర్కిన్ తరువాత కృత్రిమపు రంగులు వెల్లువయై వచ్చినవి. 1897లో కృత్రిమ నీలి విపణికెక్కెను. ‘కుర్పా’ యను పేర దేశాంతరములకు బోయిన కడప నీలి వర్తకము క్షీణించెను. తరువాతి రంగులతోపాటు కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైటు, ఉప్పు మన రంగుశాలలకు వచ్చినవి. కొన్ని అజో రంగులనుండి క్యాన్సరును గలిగించు ద్రవ్యములు వెలువడునని తేలుటచే జర్మనీ 1994లో వానిని నిషేధించెను. భారత ప్రభుత్వము 1997లో నిషేధించెను. నిషేధింపబడని రంగులైనను, కడిగిన నీరు మురుగుకాలువలో బడి, చెరువున జేరి, నేలలో నింకి, చేతిపంపున మన యింటికే మరలివచ్చును. వట్టిచేతులతో నూలు ముంచు మన యన్నదమ్ముల గోళ్లను, అరచేతులను చూచినవారికి వేరు సాక్ష్య మక్కరలేదు. వానలు నిలుకడ తప్పి భూగర్భజలము కరవగు కాలమున, ఉన్న నీటిని చెరుచుకొనుట ఆత్మహత్యా సదృశము.

అందరును నీలి, చిరివేరు, కరక్కాయ, దానిమ్మతొక్కలకే మరలవలెనని మేము చెప్పుటలేదు. ప్రకృతిసిద్ధపు రంగులకును నీరు కావలెను, వంటచెరకు కావలెను. వానితో నద్దిన బట్ట వెల హెచ్చు. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివా రా విద్యను నిలిపిరి. ఆ వెల నిచ్చువా రున్నచోట దానిని పెంచవలెను. తక్కినచోట్ల ఉన్న రంగులనే శుద్ధిగా వాడు మార్గము చూడవలెను.

కావున నీ మహాసభ యెదుట నాలుగు సూచనల నుంచుచున్నాము.

మొదటిది: రంగుపని గల ప్రతి యూర, ఇంటింట తొట్టి పెట్టుటకు మారుగా, పదిమందికి గలిపి యొక రంగుశాలయు, దాని నీటిని శుద్ధిచేయు ఏర్పాటును ఉండవలెను. కడపటి జాడింపు నీటిని మరునాటి మొదటి జాడింపునకు వాడినచో నీటిఖర్చు తగ్గును. చేతులకు రబ్బరు తొడుగులు లేనిదే రంగుపని చేయరాదు.

రెండవది: వరదకు లోనగు గ్రామములందు మగ్గపు గదుల నేల నెత్తుచేసి, గుంటకు సిమెంటు గోడ కట్టించవలెను. ముంపు తప్పని చోట గుంట మగ్గమునకు బదులు నేలపై నిలుచు చట్రపు మగ్గముల నీయవలెను. రేకుల కప్పులకు తెల్లసున్నము పూసినను లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది; మనవారు దానినుండి లాభము పొందవలెను.

మూడవది: సంఘనిధినుండి యేటేట నిచ్చు విద్యార్థివేతనములలో నొకటి రంగుల రసాయనమును, నీటి శుద్ధిని చదువు బాలునకో బాలికకో కేటాయింపవలెను. ఇరువది కులముల యింజనీర్లు మనకు చెప్పుటకంటె, రంగుతొట్టి వాసన నెరిగిన బిడ్డ యొక్కడు చెప్పిన మాట మన రంగుశాలలో త్వరగా చెల్లును.

నాలుగవది: మన యింటి పనులు. వివాహములందు వధూవరులకు, బంధువులకు నూలుబట్ట, పట్టుబట్ట పెట్టుదము. ఒకనాడు కట్టి పారవేయు పాలియెస్టరు వలదు. కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుండి చట్టము నిషేధించినది. చట్టము నిషేధింపనివానిని మర్యాదయే నిషేధింపవలెను. ఇకపై నీ మహాసభ పందిట విస్తరాకులు, మట్టికుండలు, బట్టపై వ్రాసిన స్వాగత పత్రములు ఉండుగాక. నేతవారి సభాద్వారమున ప్లాస్టిక్ గుడ్డ వ్రేలాడుట చూచువారికి నవ్వు, మనకు చేటు.

మార్కండేయ మహర్షి పుత్రుడైన భావనాఋషి తామరతూడు దారములతో దేవతలకు వస్త్రములు నేసెనని పెద్దలు చెప్పుదురు. మన కులనామమున పద్మము నిలిచినది. తామర పుట్టుటకు చెరువు కావలెను. ఆ చెరువున రంగునీరు నింపి, పద్మము పేర మాత్రము సభలు జరుపుకొనుట తగదు. తంతువనగా దారమే గాదు. వంశపరంపర యని గూడ అర్థము. మన తరము విడిచిన నీటితోనే మన తరువాతివారు గంజి కాచుకొనవలసి యున్నది. ఈ నాలుగింటిలో ఒక్కటైనను వచ్చు మహాసభలోపల ఒక్క యూర నెరవేరినచో మా యుపన్యాసము సార్థకము.

శుభం భూయాత్.