చంద్రుడి మీద ఊరికి నేల మీది మనుషులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక సవరణ. ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘అంతరిక్ష శాస్త్రవేత్త’ అని వేశారు. అభిమానంతో వేశారు, కానీ అది నిజం కాదు. నేను పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాను. ఉపగ్రహాలతో సంబంధం నడిపే ఒక భూకేంద్రంలో కరెంటు పని చేసి రిటైరయ్యాను. బ్యాటరీలు, జనరేటర్లు, కేబుళ్లు, ఇదే నా లోకం. రాకెట్ ఎగరడం మీలాగే నేనూ టీవీలో చూసినవాణ్ణే.

చంద్రుడి మీద మనుషులు ఊరు కట్టుకోవడం గురించి మాట్లాడమన్నారు. అక్కడికి వెళ్లేవాళ్ల గురించి చెప్పడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. నేను వెళ్లనివాళ్ల గురించి చెబుతాను.

1969 నుంచి 1972 వరకు చంద్రుడి మీద నడిచినవాళ్లు 12 మంది. వాళ్ల కోసం నేల మీద పనిచేసినవాళ్లు సుమారు 4 లక్షల మంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వేసుకున్న సూటును కుట్టింది, అంతకుముందు లోదుస్తులు తయారుచేసిన కంపెనీలోని కుట్టుపని ఆడవాళ్లు. కుట్లలో ఒక్క గుండుసూది మిగిలిపోయినా ప్రాణం మీదికి వస్తుందని ఆ సూట్లను ఎక్స్‌రే తీసి చూసేవారు. నౌకలోని కంప్యూటరు జ్ఞాపకాన్ని కూడా ఆడవాళ్లే చేత్తో అల్లారు. సన్నని తీగ చిన్న వలయంలోంచి వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్నా. ఒక్క తీగ తప్పినా లెక్క తప్పుతుంది.

ఇక నా పనికి దగ్గరి సంగతి. భూమి తిరుగుతుంది కాబట్టి ఏ ఊరివాళ్లకైనా చంద్రుడు రోజూ అస్తమిస్తాడు. కానీ చంద్రుడి మీద ఉన్నవాళ్లతో మాట ఒక్క గంట కూడా తెగకూడదు. అందుకే అమెరికావాళ్లు కాలిఫోర్నియా, స్పెయిన్, ఆస్ట్రేలియాల్లో కేంద్రాలు పెట్టుకున్నారు. ఒకచోట చంద్రుడు దిగిపోయేలోపు ఇంకొకచోట అందుకుంటారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగు దృశ్యం లోకానికి చేరింది ఆస్ట్రేలియాలోని హనీసకల్ క్రీక్ కేంద్రం ద్వారా. మనకు బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల ఆంటెన్నా ఉంది. చంద్రయాన్-3కి అదే పెద్ద దిక్కు. ఐరోపా, అమెరికా కేంద్రాలు కూడా చెయ్యి కలిపాయి.

2023 ఆగస్టు 23న విక్రమ్ దిగినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. సెప్టెంబరు మొదటి వారంలో అక్కడ చీకటి పడుతోందని విక్రమ్‌నీ ప్రజ్ఞాన్‌నీ నిద్రపుచ్చారు. చంద్రుడి మీద రాత్రి అంటే మనకు దాదాపు 14 రోజులు. చలి సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. తెల్లవారాక ఎంత పిలిచినా అవి పలకలేదు. యంత్రాలు కాబట్టి బాధపడి ఊరుకున్నాం. అక్కడ మనుషులుంటే ఊరుకోగలమా?

అలాంటి ఊరికి తిండి, మందులు, వాల్వులు, ఫిల్టర్లు చాలాకాలం మన దగ్గర్నుంచే వెళ్లాలి. దీనికి దగ్గరి పోలిక అంటార్కిటికాలోని మన భారతి కేంద్రం. చలికాలంలో అక్కడికి ఓడ రాదు. గోవాలో కూర్చుని సామాన్ల జాబితా రాసేవాళ్లు ఒక్క వస్తువు మరిచిపోతే అక్కడివాళ్లు నెలల తరబడి దాని కోసం ఎదురుచూడాలి. చంద్రుడి దగ్గరికి ప్రయాణమే మూడు రోజులు. మాట చేరడానికి 1.3 సెకన్లు, జవాబుకు మళ్లీ అంత. 1970లో అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. లోపల గాలి చెడిపోతుంటే, నౌకలో ఏమేం వస్తువులున్నాయో నేల మీదివాళ్లు లెక్కచూసి, ప్లాస్టిక్ సంచి, అట్ట, టేపులతో వడపోత పరికరం ఎలా కట్టాలో చెప్పారు. ముగ్గురూ బతికి వచ్చారు. జాబితాలో అట్టముక్క ఉందని రాసింది నిజం కాబట్టే బతికారు.

ఉన్నది ఉన్నట్టు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో నాలుగు గంటలకు జనరేటర్ డీజిల్ ట్యాంకు చూడాల్సి ఉంది. నిద్రమత్తులో లేవలేదు. రెండు గంటలకు రాసిన అంకెనే మళ్లీ రాసేశాను. అయిదున్నరకు కరెంటు పోయింది. జనరేటర్ మొదలై, కాసేపటికే ఆగిపోయింది. ఎక్కడో వాల్వు కారి ట్యాంకు ఖాళీ అయింది. ఆంటెన్నా తిప్పే మోటార్లు ఆగాయి. ఉపగ్రహం మా తల మీదుగా వెళ్లిపోయింది. పది నిమిషాల సమాచారం పోయింది. మళ్లీ వచ్చినప్పుడు అందుకున్నాం, నష్టమేమీ జరగలేదు.

కానీ నా పుస్తకంలో ట్యాంకు నిండుగా ఉంది. అందుకని డీజిల్ పోసే కాంట్రాక్టు కుర్రాడు దొంగతనం చేశాడనుకున్నారు. పనిలోంచి తీసేస్తామన్నారు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున్న ఆఫీసరు గదిలోకి వెళ్లి, ఆ అంకె నేను చూసి రాసింది కాదని చెప్పాను. మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ కుర్రాడు పనిలో ఉన్నాడు. ఆ రెండు రోజులు ఎందుకు ఆగానని ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడో రోజైనా వెళ్లానంటే దానికి కారణం ఈ బడి. తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాష్టారు కాలం-పని లెక్క ఒకటి బోర్డు మీద చేశారు. మర్నాడు హాజరు కూడా పిలవకుండా, “నిన్న నేను చేసింది తప్పురా, కొట్టేసుకోండి” అని మళ్లీ మొదట్నుంచి చేశారు. మాలో ఒక్కడికీ ఆ తప్పు తెలియలేదు. ఆయన చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

2040 నాటికి మనవాళ్లు చంద్రుడి మీద అడుగుపెట్టాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఈ బడిపిల్లల్లో ఒకరు ఆ నౌకలో ఉంటే అంతకన్నా ఏం కావాలి! కానీ వందమంది నేల మీద ఉంటారు. కుట్టేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు, రాత్రి నాలుగింటికి లేచి ట్యాంకు చూసేవాళ్లు. మన సంఘం ఏటా పదో తరగతి ఫస్టుకు బంగారు పతకం ఇస్తోంది. అది అలాగే ఉండనివ్వండి. దాని పక్కన, ఐటీఐకీ పాలిటెక్నిక్‌కీ వెళ్లే ఇద్దరికి ఫీజులూ పనిముట్లూ కొనిపెడదాం. మొదటి ఏడాది ఖర్చు నా పెన్షన్ లోంచి ఇస్తాను.

నిన్న సాయంత్రం మాష్టారింటికి వెళ్లి ఆ లెక్క సంగతి అడిగాను. గుర్తులేదన్నారు. మాష్టారూ, ఆ లెక్క నా నోటు పుస్తకంలో ఇంకా ఉంది. కొట్టేసినది, దాని కింద మీరు మళ్లీ చేయించినది, రెండూ ఉన్నాయి.