విలస శాసనంలోని ఎల్లలు
(స్మారకోపన్యాసం)

మన పేరు చరిత్ర చెప్పాలని వచ్చాను. కాకపోతే వోల్గా ఒడ్డు నుంచి బయల్దేరతాను, ఓపిక పట్టండి.

అక్కడి మంగోలు రాజ్యాన్ని 1313 నుంచి 1341 దాకా ఏలిన ఖాను పేరు ఉజ్బెగ్. ఆ తరువాతి కాలంలో తూర్పు పచ్చిక మైదానాల్లో తిరిగే సంచార తెగలకు ఉజ్బెక్కులన్న పేరు స్థిరపడింది. అది ఖాను పేరేనని చాలామంది అంటారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఆ తెగల దొర షైబానీ ఖాన్ 1501లో సమర్ఖండ్ నుంచి బాబరును తరిమేశాడు. బాబరుకు ఉజ్బెక్ అంటే పగవాడు. 1924లో సోవియట్లు ఉజ్బెకిస్తాన్‌కు సరిహద్దులు గీశాక, తరతరాలుగా ఊళ్ళలో స్థిరపడ్డ తురుష్క భాషల వాళ్ళు కూడా ఉజ్బెక్కులయ్యారు. ఇవాళ వాళ్ళు బాబరును తమ మహాకవుల్లో ఒకడిగా చెప్పుకుంటారు!

పేర్లు ఇలాగే చేతులు మారుతుంటాయి. మన ఆంధ్రుల సంగతి చూడండి. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులను విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతిగా లెక్కగట్టి, పుండ్ర శబర పులిందుల సరసన పొలిమేర అవతల నిలబెట్టింది. అశోకుడి పదమూడో శిలాశాసనంలోనూ పులిందులతో జంటగానే కనిపిస్తాం. రోమన్ రచయిత ప్లీనీ మనకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నాడు. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులన్నాయి. ఆ రాజులు మాత్రం తమ శాసనాల్లో ఆ మాట ఎత్తలేదు. అందరూ మన గురించే మాట్లాడుతున్నారు, మనవాళ్ళు మాత్రం నోరు విప్పరు.

ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వచ్చేసరికి తెగ పేరు దేశం పేరయింది. ఆయన చెప్పిన ఆంధ్ర దేశపు రాజధానిని పండితులు వేంగీపురంగా, అంటే ఏలూరు పక్కనున్న మన పెదవేగిగా గుర్తించారు. ఇక్కడి మాట మధ్యదేశపు మాట కాదని కూడా ఆయన రాసుకున్నాడు. పదకొండో శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో, నన్నయ ఆ మాటను తెనుగన్నాడు.

మూడు లింగక్షేత్రాల నడుమి దేశమైన త్రిలింగమే తెలుగయిందన్న కథ ద్రాక్షారామం దాకా వెళ్ళి దండం పెట్టుకోవడానికి బాగుంటుంది. నాకు మాత్రం అది దేశిమాటకు తరవాత కట్టిన సంస్కృత వేషంగానే కనిపిస్తుంది.

కోనసీమలోని విలస ఊరి రాగి రేకుల దగ్గర కాస్త ఆగాలి. 1323లో ఓరుగల్లు పడిపోయాక, గోదావరి ఒడ్డున రేకపల్లి నుంచి ఏలిన ముసునూరి ప్రోలయ నాయకుడు వెన్నయ అనే పండితుడికి విలస గ్రామాన్ని దానం చేశాడు. దానపత్రమే అయినా అది ముందు దేశపు ఎల్లలు చెబుతుంది: పడమర మహారాష్ట్రం, తూర్పున కళింగం, దక్షిణాన పాండ్యం, ఉత్తరాన కన్యాకుబ్జం. ఉత్తరాన శాసనం రాసిన కవిగారు కొలతాడు బాగా వదిలేశారనుకోండి. కానీ రాజ్యం కూలిపోయి, ఊళ్ళు చెదిరిపోయిన రోజుల్లో, పాలించే రాజు పేరుతో కాకుండా దేశం పేరుతో ఒకాయన ఎల్లలు చెప్పుకోవడం మామూలు విషయం కాదు. ఐతరేయం నుంచి మనల్ని పరాయివాళ్ళు గుర్తుపడుతూ వచ్చారు. ఇక్కడ మనమే చేయి చాచి చూపించాం.

ఆ రేకుల మీదున్న దేశం పేరు ఆంధ్ర కాదు, తిలింగ. పారశీక చరిత్రకారులు దాన్నే తిలంగ్ అన్నారు. 1766లో సర్కారు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ పాలయ్యాక, ఆ పేరు నిజాం ఏలుబడిలోని తెలుగు నేలకే మిగిలింది. కోనసీమ రేకులు చాటిన పేరు అలా ఎగువకు వెళ్ళి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమయింది. దిగువన మనకు 1953 అక్టోబరు 1న దక్కినది, ఐతరేయం పొలిమేర బయట నిలబెట్టిన ఆ పాత పేరే.