పందెపు మర్యాద

భద్రాచలము చుట్టునున్న అడవి సీమలో సంక్రాంతి సమీపించినదనగా కోడిపందెముల ముచ్చటయే. 2014లో చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు ఖమ్మము జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచల పట్టణము తెలంగాణలో నిలిచినది. అయినను పండుగనాళ్లలో పందెగాండ్రు సరిహద్దు దాటి బరులకు పోవుచునే ఉన్నారు.

బరిలో కాగితము లేదు, సంతకము లేదు. డేగపై ఇంత, నెమలిపై ఇంత అని నోటిమాటగా కాయుదురు. ఓడినవాడు అక్కడికక్కడే చెల్లింపవలెను. ఓడిన కోడిని కోస అందురు, అది గెలిచినవానిది. మాట తప్పినవానితో మరల పందెము కాయుటకు ఎవరును ముందుకు రారు.

ఇది ఓడినవాని మర్యాద. మరి గెలిచినవాని మర్యాద యేమి? 12వ శతాబ్దపు పలనాటి కథనే చూడుడు. నాగమ్మతో కోడిపందెమున ఓడిన బ్రహ్మనాయుని పక్షమువారు మాటకు కట్టుబడి ఏడేండ్లు రాజ్యము విడిచిరని చెప్పుదురు. గడువు తీరినను గెలిచినవారు వారి పాలు వారికి ఇయ్యలేదు. కథ కారెంపూడి రణరంగమున ముగిసినది. ఓటమిని మరచుట సులభమే. గెలిచినవాని గర్వమును మరచుట కష్టము.

ఇక కోడి మాట. మనుష్యుల మర్యాదలెన్ని యున్నను, కాలికి కత్తి కట్టబడిన ఆ జీవికి అందు పాలు లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఇట్టి పోరులను, 1974 నాటి గేమింగ్ చట్టము వానిపై జూదమును నిషేధించినవి.

మేము శ్రోతలకు మనవి చేయునది ఒక్కటే. నోటిమాటను నిలుపుకొను గుణము గొప్పదే. దానిని బరిలో వెచ్చింపక, సంతలోను అప్పుసప్పులలోను చూపినచో ఊరికి మేలు.