విడిచిన దాని లెక్క: బహుఎలక్ట్రాను సమస్యలో ఉజ్జాయింపులు



నిజాం కళాశాలలో చదివి, రామన్‌గారి చెంత పరిశోధనచేసి, పిమ్మట ఉస్మానియాకు వైస్‌ఛాన్సలరైన సూరి భగవంతంగారు, వేంకటరాయుడుగారితో కలసి 1948లో వాల్తేరునుండి వెలువరించిన సమూహసిద్ధాంత గ్రంథము నెరుగనివారు మన భౌతికశాస్త్రజ్ఞులలో అరుదు. అణువు యొక్క సౌష్ఠవమునుబట్టియే ఏ కంపనము రామన్ వర్ణపటమున కనబడునో, ఏది కనబడదో, గతిసమీకరణముల జోలికి పోకయే నిర్ణయింపవచ్చునని అందు నిరూపితము. ఎలక్ట్రానుల పరస్పర వికర్షణ దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఆ సౌష్ఠవము సగము దారిలో నిలిచిపోవును. ఏ స్థితులు సాధ్యములో చెప్పును గాని, వాని శక్తి యెంతయో చెప్పజాలదు. ఎలక్ట్రానులు స్థానమునుండి స్థానమునకు గెంతుచు, ఒకేచోట కూడినప్పుడే వికర్షించుకొనునని తలచు హబ్బర్డ్ నమూనాలో, పదునారు స్థానములకే 4,29,49,67,296 స్థితులుండగా, ఉజ్జాయింపు తప్ప గత్యంతర మేమి?

హార్ట్రీ 1928లోను, ఫాక్ 1930లోను చూపిన మార్గమున ప్రతి ఎలక్ట్రాను తక్కినవాని సగటు క్షేత్రములో సంచరించును. హీలియమునుండి రెండు ఎలక్ట్రానులను ఊడదీయుటకు 79.0 ఎలక్ట్రాన్‌వోల్టులు కావలసియుండగా, ఈ లెక్క 77.9 అనును. నూటికి ఒకటిన్నర పాలే కదా యని తృప్తిపడరాదు. రసాయనశాస్త్ర మంతయు ఆ ఒక్క ఎలక్ట్రాన్‌వోల్టులోనే కాపురముండును. ఫ్లోరిన్ అణువు బంధశక్తి 1.6 ఎలక్ట్రాన్‌వోల్టులు మాత్రమే. ఈ లెక్క ప్రకారము ఆ అణువు ఏర్పడనే కూడదు! అమీర్‌పేట కూడలి దాటువాడు సగటు రద్దీని తప్పించుకొనడు, ఎదుట వచ్చు మనిషిని తప్పించుకొనును. ఎలక్ట్రానుల నడకయు నట్టిదే.

ఈ తప్పుకొనుటలను జంటజంటలుగా పట్టి, ఘాతీయరూపమున కూర్చునదే కపుల్డ్ క్లస్టర్ పద్ధతి. కోస్టర్, క్యూమెల్ అనువారు దానిని కేంద్రకభౌతికమున ప్రవేశపెట్టగా, చీజెక్ 1966లో ఎలక్ట్రానులకు తెచ్చెను. ఘాతీయరూపము వలన, ఒకచోట ఒక జంటయు, దవ్వుల మరియొక జంటయు ఏకకాలమున తప్పుకొనుట తనంతటనే లెక్కకెక్కును. దూరముగానున్న రెండు అణువుల శక్తి విడివిడి శక్తుల మొత్తమునకు సరిపోవును. ఇంత సామాన్య ధర్మమును నిలుపుకొనలేని పద్ధతులు పెక్కు కలవనిన మీరు నమ్మకపోవచ్చును. అయితే ఈ సుగుణము ఉచితముగా రాదు: త్రయములను సైతము ఉజ్జాయింపుగా చేర్చు ప్రసిద్ధరూపములో అణువు రెట్టింపైనచో శ్రమ 128 రెట్లగును.

హైదరాబాదు లక్డీకాపూల్‌కు చేరువనే, సరోజినీ నాయుడుగారి గోల్డెన్ థ్రెషోల్డ్ భవనమున తొలి అడుగులు వేసిన హైదరాబాదు విశ్వవిద్యాలయములో, ఎం. దుర్గాప్రసాద్‌గారును వారి సహచరులును ఈ పద్ధతిని అణుకంపనములవైపు మరల్చి, ఓజోను, సల్ఫర్ డయాక్సైడులకు అన్వయించి 1994లో ప్రకటించిరి. భగవంతంగారు సౌష్ఠవముతో వర్గీకరించిన కంపనములకు, ఎలక్ట్రానులకై పుట్టిన గణితము ఇట్లు చుట్టమైవచ్చుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

కాని సగటునుండి బయలుదేరి దిద్దుకొనుచుపోవు దారి ఎల్లెడల సాగదు. పట్టీసిద్ధాంతము ప్రకారము లోహము కావలసిన నికెల్ ఆక్సైడ్ విద్యుద్బంధకమై యున్నదని డి బోయర్, వెర్వే 1937లోనే ఎత్తిచూపిరి. అట్టిచోట ఎలక్ట్రానులు ఒకే పరమాణువుపై కూడుటకు అయ్యెడి వ్యయమును ముందుగా నిండుగా లెక్కించి, వాని సంచారమునే పిమ్మట సవరణగా చేర్చవలసియుండును.