స్లాగు సిమెంటుకి మొదటి వారం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరుని కాను. ఇంటర్ పాసై 1990లో మద్రాస్ సాపర్స్‌లో చేరాను. 28 ఏళ్ళు ఇసుక, కంకర, సిమెంటుతోనే గడిచాయి. సుబేదారుగా దిగి జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లో నాన్నగారి ఇంటికి చేరుకున్నాను. ఆయన శ్రీకాకుళం నుంచి కంపెనీ పనికొచ్చి సువర్ణరేఖ దగ్గర స్థిరపడ్డారు. మనవాళ్ళు రిటైరయ్యాక మొదట పెట్టుకునే పని ఇల్లే కాబట్టి, సిమెంటు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా ఊళ్ళో స్లాగు సిమెంటుకి కొదవ లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగినప్పుడు పైన తేలే మడ్డే స్లాగు. ఎర్రగా కాలుతున్న దాని మీద ఒక్కసారిగా నీళ్ళు కొడితే గాజు రవ్వలాగా అయిపోతుంది. అది మెత్తగా నూరితే సిమెంటు గుణం చూపిస్తుందని 1862లోనే జర్మనీలో ఎమిల్ లాంగెన్ కనిపెట్టాడు. మామూలు సిమెంటుకి సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చి క్లింకర్ తీయాలి. ఒక టన్ను క్లింకర్‌కి ముప్పాతిక టన్నుకి పైగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఐఎస్ 455 ప్రకారం స్లాగు సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా స్లాగే ఉండొచ్చు. అంతమేరకు క్లింకర్ మిగిలినట్టే.

చిక్కల్లా మొదటి వారంలోనే. స్లాగు నీళ్ళలో తనంతట తాను త్వరగా కదలదు. క్లింకర్ నీటితో కలిసి సున్నం వదిలితే, ఆ క్షారం తగిలి గాజు విడివడుతుంది. అందుకే 43 గ్రేడు మామూలు సిమెంటుకి మూడు రోజులకి కనీసం 23 మెగాపాస్కల్స్ అడిగే స్టాండర్డు, స్లాగు సిమెంటుకి 16 చాలంటుంది. ఏడు రోజులకి 33 బదులు 22. తరువాత అది మెల్లిగా అందుకుంటుంది, నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కానీ మేస్త్రి నెలల తరబడి ఆగడు కదా!

2022 డిసెంబరు ఆఖర్న మా తమ్ముడు మేడ మీద స్లాబు వేయించాడు. మాఘంలో కూతురి పెళ్ళి. గది వెడల్పు 12 అడుగులు. ఐఎస్ 456లో 4.5 మీటర్ల లోపు స్లాబుకి ఏడు రోజులకి కింది కర్రలు తీయొచ్చని ఉంది. అందరూ అంతవరకే చదువుతారు. ఆ లెక్క మామూలు సిమెంటుకి, అదీ చలి 15 డిగ్రీల కంటే దిగనప్పుడు. మా ఊళ్ళో డిసెంబరు రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి.

మేస్త్రి ఒక పేరులేని ప్యాకెట్టు తెచ్చాడు. "ఇది వేస్తే నాలుగో రోజుకే సెంట్రింగ్ విప్పేయొచ్చు సాబ్" అన్నాడు. తడి అరచేతిలో పోసుకుంటే వేడెక్కింది, కాసేపటికి చెమ్మ లాగి జిగటైంది. కాల్షియం క్లోరైడ్ అని అర్థమైంది. వద్దన్నాను. తమ్ముడికి కోపం వచ్చింది. "అన్నయ్యా, మిలట్రీ రూల్సు ఇంట్లోకి తెస్తావేంటి? పిల్ల పెళ్ళి నెల్లాళ్ళలో ఉంది" అన్నాడు. జవాబు చెప్పకుండా వాణ్ణి చెయ్యి పట్టుకుని మా వరండాలోకి తీసుకెళ్ళాను.

ఆ వరండా 2004లో రెండు నెలల సెలవులో నేనే వేయించాను. సెలవు అయిపోవస్తోందని, ఈ మందే దగ్గరుండి కలిపించాను. సాపర్నై ఉండి చేసిన తప్పు అది. లెక్క చూడండి. ఘనమీటరుకి 320 కిలోల సిమెంటులో ఒక్క శాతం వేస్తే 3.2 కిలోలు. అందులో 64 శాతం క్లోరైడే, అంటే రెండు కిలోలు. ఊచలున్న కాంక్రీటులో ఐఎస్ 456 ఒప్పుకునేది 0.6 కిలో మాత్రమే. 2019లో ఒక పెచ్చు ఊడి నాన్నగారి కుర్చీ పక్కనే పడింది. తమ్ముడు పైకి చూసి, ఊచలు చూసి, మాట్లాడకుండా కిందికి దిగాడు.

మరి ఏం చేశాం? మొదట నీళ్ళు తగ్గించాం. ఎం 20కి బస్తాకి 30 లీటర్లు దాటకూడదని కోడు చెబుతుంది. మేస్త్రి కొలత బక్కెట్టే! ఐఎస్ 9103 ముద్ర ఉన్న, క్లోరైడ్ లేని సూపర్ ప్లాస్టిసైజర్ కలిపి 24 లీటర్లతో సరిపెట్టాం. నీరు తగ్గితే రేణువులు దగ్గరవుతాయి, మొదటి బలం త్వరగా వస్తుంది. డబ్బా మీద రాసిన మోతాదు మించితే మాత్రం గట్టిపడటమే ఆలస్యమవుతుంది. మధ్యాహ్నానికల్లా పోత ముగించి, రాత్రికి గోనెసంచులు, పైన ప్లాస్టిక్కు కప్పాం. లద్దాఖ్‌లో నేర్చుకున్న పనే, అక్కడైతే నీళ్ళు వేడి చేసి మరీ కలిపేవాళ్ళం. కర్రలు 14 రోజులు ఉంచాం. తడి కూడా అన్నాళ్ళూ ఆరనివ్వలేదు. బ్లెండెడ్ సిమెంటుకి కనీసం 10 రోజులని కోడే చెబుతుంది.

నిజంగా తొందరపెట్టాల్సి వస్తే కాల్షియం నైట్రేట్, కాల్షియం ఫార్మేట్ లాంటి క్లోరైడ్ లేని మందులున్నాయి. ట్రైఇథనాలమీన్ అని ఇంకొకటి ఉంది, 50 కిలోల బస్తాకి పది గ్రాములు చాలు. కాస్త ఎక్కువైతే పని తిరగబడుతుంది, కాబట్టి అది మేస్త్రి చేతికి ఇచ్చేది కాదు. స్లాగుని నేరుగా లేపే సోడియం సల్ఫేట్, కాస్టిక్ సోడా వగైరా ఫ్యాక్టరీ వాళ్ళ విద్య. కాస్టిక్‌తో చేతులు కాలతాయి, ఇంటి దగ్గర ముట్టుకోవద్దు. సిమెంటు గట్టిపడ్డాక ఏర్పడే పదార్థాన్నే అతి సన్నని గింజలుగా చేసి ముందే కలిపే మందులు కూడా వచ్చాయి. పాలలో తోడు వేసినట్టే అనుకోండి. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 సిమెంటుకి 2023లో ఐఎస్ 18189 వచ్చింది. అందులో క్లింకర్ సగమే.

పెళ్ళికి వంట పందిరి వీధిలోకి జరిపాం. వరండా ఈ మార్చిలో పడగొట్టించి మళ్ళీ వేయించాను, స్లాగు సిమెంటుతోనే. పాత ఊచ ఒకటి తెచ్చాను. 8 ఎం.ఎం. ఊచ, మధ్యలో పెన్ను రీఫిల్లంత మిగిలింది. ఆ బల్ల మీద ఉంది, చాయ్‌కి వెళ్ళేటప్పుడు చూడండి. జై హింద్.