ఒక పొలానికి రెండు పుస్తకాలు



బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో రెవెన్యూ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు నాకు రావు. నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు చెబుతాను.

దివిసీమలో ఒక రైతు ఎకరం ఇరవై సెంట్లు అమ్మాడు. కొన్నాయన రిజిస్ట్రేషను చేయించుకున్నాడు. దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో భద్రంగా ఉంది. రెవెన్యూ రికార్డులో మాత్రం పాత పేరే మిగిలింది. అమ్మినాయన పోయాక కొడుకులు వారసత్వం కింద అర్జీ పెట్టారు. తండ్రి పేరు చూసి నేను నోటు రాశాను. పాసు పుస్తకం వెళ్లింది. తరువాత కొన్నాయన దస్తావేజు చూపిస్తే, పాత పద్దు కొట్టేయకుండానే ఆయనకూ ఒక పుస్తకం వెళ్లింది.

ఒకనాడు ఇరుపక్షాలవారూ నా బల్ల ముందు నిలబడ్డారు. “గుమాస్తాగారూ, అమ్మాయి పెళ్లికి పొలం అమ్ముదామనుకుంటున్నాను. వీటిలో ఏ పుస్తకం నిజమండీ?” అని కొన్నాయన అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. వ్యవహారం కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేసరికి ఆ అమ్మాయికి పిల్లలు పుట్టారు. పెళ్లి అప్పు మాత్రం తీరలేదు.

తప్పు ఎక్కడుంది? మన దేశంలో రిజిస్ట్రేషను అయ్యేది దస్తావేజుకే గాని హక్కుకు కాదు. పొలం హక్కు వచ్చినవారు 90 రోజుల్లో రెవెన్యూవారికి తెలియజేయాలని 1971 పాసు పుస్తకాల చట్టంలోనే ఉంది. ఎంతమంది తెలియజేశారు? పైగా 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఎవరి వాటా ఎంతో చెప్పే పెద్దలే కొన్ని ఇళ్లలో మిగల్లేదు.

దీనికి మందు ఒక్కటే. ఊరు ఊరంతా కొలవాలి. వారసులను, కొన్నవారిని పిలిచి అందరి ఎదుట విచారించాలి. ఒక కమతానికి ఒకే నంబరు, ఒకే పద్దు ఉండాలి. ఆ పైన ఏ అమ్మకమైనా ఆ పద్దులోనే ఎక్కాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లోనే టోరెన్స్ అనే ఆయన ఇటువంటి పద్ధతి పెట్టించాడు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. భూహక్కుల చట్టం 2023లో అమలుకు వచ్చింది, ప్రజల్లో భయాలు రేగి 2024లో రద్దయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. మన పొలం సంగతి మనం చూసుకోవాలి.

ఈసీ, 1-బి, అడంగల్ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మూడింటిలోనూ కలవాలి. కలవకపోతే వెంటనే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. సర్వేయరు వచ్చిన రోజున గట్టు మీద మీరుండండి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, హద్దులు చూపించవలసింది మనం ఉండగానే.

చెప్పేవి శ్రీరంగనీతులు అనుకోకండి. పోయిన నెల నా సొంత పొలం 1-బి తీయించాను. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల పద్దులు రాసిన నా పొలానికి, ఇంకా మా నాన్నగారి పేరే ఉంది! మర్నాడే అర్జీ పెట్టి వచ్చాను. రశీదు ఇదిగో, జేబులోనే ఉంది.