గెడ్డకు కొరతే కాపు



ఈ ఊరి పిల్లలకు సైన్సు చెప్పిన మాస్టారి పేరిట మనం ఇక్కడ చేరాం. అందుకే మన గెడ్డల గురించే ఒక ప్రశ్న తీసుకున్నాను. నీటిలో పాచి, నాచు ఎందుకు పెరుగుతాయి, ఎక్కడ ఆగుతాయి?

ఈ చరిత్ర పొలంలో మొదలైంది. మొక్కకు కావలసినవాటిలో ఏది అన్నిటికన్నా ఎక్కువగా కొరవడుతుందో పెరుగుదలకు అదే హద్దని 1828లో జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ రాశాడు. 1840 తర్వాత లీబిగ్ ఆ మాటను లోకమంతా చాటాడు. వేటకెళ్లేవారికి ఇది తెలిసిన సంగతే. పడవ అంచు ఎక్కడ తక్కువో నీళ్లు అక్కడినుంచే వస్తాయి.

నూరేళ్లు దాటాక ఈ సూత్రం చెరువుల దగ్గరికి వచ్చింది. సరస్సులు పచ్చబడటానికి తమ పొడిలోని ఫాస్ఫేట్, అంటే భాస్వరం, కారణం కాదని, కర్బనమే కారణమని సబ్బుపొడి కంపెనీలు వాదిస్తున్న రోజులవి. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సుకు అడ్డంగా తెర కట్టింది. రెండు సగాల్లోనూ కర్బనం, నత్రజని కలిపారు. ఒక సగంలో మాత్రం భాస్వరం కూడా వేశారు. ఆ సగమే పచ్చబడింది. కర్బనం గాలిలో ఉంది. నత్రజనిని కూడా కొన్ని నీలిఆకుపచ్చ నాచులు గాలినుంచే పట్టుకుంటాయి. భాస్వరానికి ఆ దారి లేదు.

పారే నీటి సంగతి? 1983 నుంచి అలాస్కాలో కుపారుక్ నదిలో లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాముల భాస్వరం పెరిగేలా ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలుగా వదిలారు. రాళ్లమీద పాచి ముదిరింది, పురుగులు, చేపలు ఎదిగాయి. ఎనిమిదేళ్లు గడిచేసరికి అడుగున చాలా భాగాన్ని పాచికి బదులు మాస్ అనే చిన్న మొక్కలు ఆక్రమించాయి.

మన పొలాల్లో వేసే ఎరువుతో లెక్క చూడండి. 50 కిలోల డి.ఏ.పి. ఎరువు బస్తాలో భాస్వరం సుమారు 10 కిలోలు. అదంతా నీటిపాలైతే నూరు కోట్ల లీటర్లలో కుపారుక్‌లో పెంచినంత భాస్వరాన్ని పెంచుతుంది.

ఒడిశా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం దాటి మన దాపున కడలిలో కలిసే బాహుదాకు ఇతర హద్దులూ ఉన్నాయి. వరదలో బురద వెలుగును ఆపుతుంది, ప్రవాహం రాళ్లను కడిగేస్తుంది. వేసవిలో నీరు సన్నగిల్లి తేటపడ్డాక ఆ రెండు హద్దులూ తొలగుతాయి. అప్పుడు ఎరువే నిర్ణయిస్తుంది. ఉప్పునీరు కలిసే మొగ దగ్గర సాధారణంగా నత్రజనే కొరవడుతుంది కనుక యూరియా కూడా లెక్కలోకి వస్తుంది. పాచి ముదిరిన నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి. పైగా బురదలో దిగిన భాస్వరం ఏళ్లతరబడి తిరిగి నీటిలోకి ఊరుతూనే ఉంటుంది. కాబట్టి పట్టవలసింది గట్టుమీదే.

రైతు సోదరులారా, మట్టి పరీక్ష చేయించాకే డి.ఏ.పి. వేయండి. గట్టున మొగలి పొదలనూ గడ్డినీ నరకకండి. రొయ్యల చెరువు నీటిని తేర్చకుండా గెడ్డలోకి వదలకండి. పంటకు కొరత నష్టం, గెడ్డకు మాత్రం అదే కాపు.